అమాస మోత

సిద్దిపేట కంచరివాడలో చెవులు చిల్లులుపడే ఇనుప చప్పుడుకు ‘అమాస మోత’ అని పేరు. ఆ మాట పుట్టింది 1948 వేసవిలో, సుగుణ ఇంటి అరుగు మీద.

అమావాస్య నాడు కంచరులు సుత్తె ముట్టరు. ఆ పొద్దున వాడంతా చడీచప్పుడు లేదు.

వీధి మొగదల నిజాం జవాన్లు ఇల్లిల్లూ గాలిస్తున్నారు.

సుగుణ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని తలుపు వెనక నిలబడింది. లోపల బొగ్గుల అర్రలో ఆమె మొగుడు నాగేశం. ఠాణాలో దెబ్బలు తిని, తప్పించుకొచ్చి మూడు రోజులైంది. మళ్లీ దొరికితే శవమే ఇల్లు చేరేది.

ఈ జవాన్లు కొత్తవాళ్లు. అతని మొహం ఎరగరు. దెబ్బలకు పట్టుకున్న దగ్గు ఒక్కటే వాళ్లకు గుర్తు.

అంతలో అరుగు మీద ధడేల్‌మంది.

ఎవరో కొత్త మనిషి. తుప్పు రేకు ఒకటి ముందేసుకుని సుత్తెతో బాదుతున్నాడు. పళ్లు జివ్వుమనేంత మోత.

ఎదురింటి ముసలి కాశీనాథం ఉరికొచ్చాడు.

“ఓరి! అమాసనాడు సుత్తె ముట్టుకుంటవారా? ఎవడు నేర్పిండ్రా నీకు పని? రేకు ఏడుస్తుంది!”

“మా దిక్కు గా పట్టింపు లేదు తాతా.”

ధన్! ధన్!

సుగుణ తలుపు తీసింది.

“లే అన్నా, గీడికెల్లి లే! నీ మోతకు వాళ్లు సక్కగ గీడికే వస్తరు!”

“జర కొట్టనియ్యి చెల్లె. వాళ్లు దాటిపోంగనే నేనే లేస్త.”

“నీ కాల్మొక్కుత, ఆపు!”

ఆపలేదు. ఆమె సుత్తె గుంజుకుంది.

మోత ఆగింది.

ఆ నిశ్శబ్దంలో, బొగ్గుల అర్రలోంచి దగ్గు.

ఒక్కసారి కాదు. తెరలు తెరలుగా.

బూట్ల చప్పుడు పక్కింటి ముందు ఆగింది.

సుగుణకు అప్పుడు అర్థమైంది, ఆ మోత ఇంతసేపూ దేన్ని కప్పిందో.

ఆ మనిషి ఆమె వంక ఒక్కసారి చూశాడు. పొట్ట పట్టుకుని వంగి, దగ్గడం మొదలుపెట్టాడు.

“దగ్గింది నువ్వేనా? పేరేంది?” జవాను ఉరికొచ్చి అతని మెడ పట్టుకున్నాడు.

“నాగేశం. గీ ఇల్లు నాదే.”

“ఏయ్ ముసలోడా, వీడు నాగేశమేనా?”

కాశీనాథం చేతులు జోడించాడు. “ఔ సాబ్... నాగేశమే. మొండోడు. అమాస అన్నా ఇనడు.”

రెక్కలు విరిచి కట్టి లాక్కుపోయారు. ఆ మనిషి వెనక్కి తిరిగి చూడలేదు.

సుగుణ సుత్తెతోనే లోపలికొచ్చి కూలబడింది. నాగేశం తలుపు సందులోంచి అంతా చూశాడు.

“ఎవరయ్యా ఆయన?”

నాగేశం రొమ్ము మీద చెయ్యేసుకున్నాడు.

“ఒక మనిషి జాడ చెప్పుమని ఠాణాల నా రొమ్ము పగులగొట్టిన్రు గద సుగుణా... గా మనిషే.”