రెండు చేతుల ఆట

సేల్స్‌మన్ మదన్ కౌంటరు మీద ఒక పెట్టె పెట్టాడు. దాని పక్కన ఇంకో పెట్టె పెట్టాడు.

"ఇది ఆటల కన్సోల్ సార్. టీవీకి తగిలిస్తే చాలు. ఇది పీసీ. ఆటకూ పనికొస్తుంది, చదువుకూ పనికొస్తుంది. ఎవరికి?" అని తమిళంలో అడిగాడు.

కృష్ణరాజ్ భార్య వైపు చూశాడు.

"మా అక్క కొడుక్కు," అంది చిత్ర, తమిళంలోనే.

అక్క కొడుకు కాదు. వాళ్ల కొడుకు విగ్నేశే.

వాడు పొల్లాచ్చి రోడ్డులో బైకు మీంచి పడ్డప్పుడు, మెడ నుంచి కుడి చేతికి పోయే నరాలు తెగాయి. చెయ్యి ఉంది, కదలదు. తమ ఊరు కిణత్తుకడవులో బంధువులకు ఈ మాట చెప్పలేదు. కట్టు విప్పితే సరిపోతుందని చెప్పారు.

ఒకనాడు విగ్నేశ్ మేడ పిట్టగోడ ఎక్కాడు. దిగి వచ్చాడు. ఆనాటి నుంచి మేడ తలుపుకు తాళం. చిత్ర వాడి గది గుమ్మంలో పడుకుంటోంది.

ఆ తర్వాత వాడు నోరు తెరిచి అడిగింది ఒక్కటే. పీసీ.

ఎందుకని అడిగితే, "ఒంటి చేత్తో ఆడొచ్చు," అన్నాడు.

చిత్ర ఆ మాటకు అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయింది.

ఈ అంగడి కోసం భార్యాభర్తలు కారులో కోయంబత్తూరు వచ్చారు.

"కన్సోలే ఇవ్వండి," అంది చిత్ర ఇప్పుడు.

కౌంటరు చివర స్టూలు మీద కూర్చున్న మనిషి లేచాడు.

"కన్సోల్ వద్దమ్మా," అన్నాడు తమిళంలో. "దానికి రెండు చేతులూ కావాలి. పీసీ అయితే మీటలన్నీ ఒక చేతి కిందికి మార్చుకోవచ్చు."

మదన్ నవ్వాడు. "ఏంటన్నా ఇది? అందరికీ రెండు చేతులు ఉంటాయి కదా."

కృష్ణరాజ్ తల దించుకున్నాడు.

చిత్ర తమ ఇంటి మాట తెలుగులోకి మారింది. అంగట్లో, బస్సులో, పక్కవాళ్లకు తెలియకూడని మాట ఏదైనా వాళ్లు తెలుగులోనే చెప్పుకుంటారు.

"కమిషన్ మనిషి మాదిరి ఉండాడు. మీరు వినొద్దండి."

"మెల్లగా చెప్పు. వీనికి తెలుగు వస్తే?"

"మదురై తమిళం. నోరు తెరిస్తే తెలీలేదా? వీనికి మన మాట యాడొస్తాది?"

"అది గాదు చిత్రా. పిల్లోడు గూడా పీసీనే గదా అడిగినాడు."

"వానికేం తెలుసు? రెండు చేతులదే ఇస్తాం. ఆడతా ఆడతా ఆ చెయ్యి లేస్తాది."

"డాక్టరు..."

"డాక్టరు కన్నాడా వాణ్ణి? ఒంటి చేతి బతుకు ఒక బతుకా? అట్ల బతికేవాళ్లు చచ్చినోళ్లతో సమానం. నా కొడుకు అట్ల ఉండేదానికి నేను ఒప్పుకోను."

ఆ మనిషి ఎడమ చేత్తో పీసీ పెట్టెను ముందుకు జరిపాడు.

"అమ్మా, ఒకసారి ఆడి చూపిస్తాను," అన్నాడు తమిళంలోనే.

"వద్దు. మీ పని చూసుకోండి," అంది చిత్ర, తమిళంలో.

"సరిమ్మా."

తలుపును భుజంతో తోసుకుని బయటికి పోయాడు.

కారు రోడ్డెక్కేటప్పుడు అతను బస్టాపులో కనబడ్డాడు. కృష్ణరాజ్ బ్రేకు మీద కాలు పెట్టాడు.

"పోనీండి," అంది చిత్ర.

ఇంట్లో విగ్నేశ్ కన్సోల్ పెట్టె చూశాడు.

చిత్ర కంట్రోలర్ తీసి వాడి ఒడిలో పెట్టింది. కుడి చేతి వేళ్లను ఒక్కొక్కటే దాని చుట్టూ వంచింది.

"పట్టుకో కన్నా."

ఆమె చెయ్యి తీసింది. వేళ్లు విడిపోయాయి. మళ్లీ వంచింది. మళ్లీ విడిపోయాయి. తువ్వాలు తెచ్చి, ఆ చేతిని కంట్రోలర్‌కు కట్టబోయింది.

"వద్దుమ్మా."

"కొంచెం ఓర్చుకోరా. దినమూ కట్టుకుంటే..."

"అమ్మా, వద్దు." వాడు తండ్రి వైపు తిరిగాడు. "నాయనా, అంగట్లో ఒకాయన మీతో మాట్లాడలేదా?"

"ఎవురో వచ్చినాడు. మదురై పక్కనోడు. పీసీ తీసుకోమన్నాడు."

"మీరేమన్నారు?"

"ఆయన్ని ఏమీ అనలేదురా. మేం మేమే మాట్లాడుకున్నాం," అన్నాడు కృష్ణరాజ్. తర్వాత "తెలుగులో," అన్నాడు.

విగ్నేశ్ ఎడమ చేత్తో ఫోన్ తీశాడు. బొటనవేలితో ఆ మనిషి నంబరు నొక్కి చెవికి పెట్టుకున్నాడు. స్విచ్ ఆఫ్ అని వినబడింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

"ఆయన బాలమురళి అన్న నాయనా, ఊరు మదురై పక్కన వాడిపట్టి. వాళ్లింట్లోనూ మన మాటే."

కృష్ణరాజ్ గోడకు ఆనుకున్నాడు. చిత్ర తువ్వాలు పట్టుకుని మంచం అంచున కూర్చుంది.

"నీకు తెలిసినోడని మాకు చెప్పకూడదా ఆయన?" అన్నాడు కృష్ణరాజ్.

"ఫోన్లో ఆటలాడేవాళ్లంటే మీకు పడదు గదా. వాళ్లే నన్ను చెడగొట్టినారంటారు. అందుకే అంగట్లో ఎవురో మాదిరి చెప్తానన్నాడు. పొద్దున్నే బస్సెక్కినాడు."

"ఎవురురా ఆయన?" అంది చిత్ర. మళ్లీ అడిగింది. "ఎవురు?"

విగ్నేశ్ ఫోన్ చెవి నుంచి తీయకుండానే చెప్పాడు. "ఆయన కుడి చెయ్యీ నా దాని మాదిరేమ్మా; నేను పిట్టగోడ ఎక్కిన పొద్దు, 'ఇట్ల గూడా బతకొచ్చురా, నేను బతికి లేనా' అని, నేను దిగేదాకా ఫోన్ పెట్టకుండా మాట్లాడింది ఆయనే."