గౌరీశ్వరి హస్తవాసి

"మళ్ళీ పడిపోయిందండీ," అంది గౌరీశ్వరి ఏడుపు గొంతుతో.

గురునాథరావు చేతిలోని కాగితాల కట్ట బల్లమీద పడేసి పక్కగదిలోకి పరుగెత్తాడు. తెర నల్లగా ఉంది. కంప్యూటర్ ఉలుకూ పలుకూ లేకుండా పడుంది. ఈ వారంలో ఇది నాలుగోసారి.

విశాఖపట్నం రేవు దగ్గర ఓ సరుకుల కంపెనీ ఆఫీసది. ఎనభై మూడులో ఆ పెద్ద కంప్యూటర్ కొన్నారు. దాని వింతేమిటంటే, ఉన్నది ఒక్క మిషనే అయినా లోపల మూడున్నట్టు నడుస్తుంది. ఒకటి ఓడలకి, ఒకటి గోడౌన్లకి, ఒకటి జీతాలకి. సాయంత్రం ఆ మూడు ఉత్తుత్తి మిషన్లనీ వరసగా మూసి, చివర్న వాటిని మోసే మూల ప్రోగ్రాంని మూయాలి. చిక్కంతా అక్కడే. మూతపడాల్సిన మూల ప్రోగ్రాం కాస్తా కుప్పకూలుతోంది. కూలినప్పుడల్లా ఆ పూట పనంతా గంగలో కలుస్తోంది.

దాన్ని బాగుచెయ్యడానికి వచ్చాడు గురునాథరావు. తెలుగువాడే గాని పుట్టి పెరిగింది బొంబాయిలో. అతను మూస్తే బుద్ధిగా మూతపడుతుంది. రోజూ దాన్ని నడిపే గౌరీశ్వరి మూస్తే కూలుతుంది. అవే మీటలు, అదే వరస. ఇదెక్కడి గొడవరా నాయనా అని మూడు రోజులుగా జుట్టు పీక్కుంటున్నాడు.

మేనేజరు శ్రీరామ్మూర్తికి మాత్రం ఏ సందేహమూ లేదు.

"మీకింకా తెల్లేదేటండీ? ఆ పిల్ల హస్తవాసి మంచిది కాదు. అయిదున్నరకల్లా రాసిచ్చీండి, తప్పు మిషన్‌ది కాదు, మనిషిదని. రేపట్నించి రావద్దని సెప్పెత్తాను."

ఆయన అటు వెళ్ళగానే గౌరీశ్వరి కళ్ళు తుడుచుకుంది.

"నాను తప్పు సెయ్యనేదండీ. సింహాచలం అప్పన్న మీద ఒట్టు. మా ఇంటికి నా ఉజ్జోగమే ఆధారమండి. మీరు సెప్పినట్టే సేత్తన్నాను."

"పుస్తకంలో ఉన్నట్టే కొడుతున్నావా?"

"అచ్చరం పొల్లుపోకుండాన!"

గురునాథరావుకి పాపం అనిపించింది. సంతకం పెట్టడానికి చెయ్యి రావటం లేదు. పెట్టకపోతే ఏం రాయాలో తోచటం లేదు. కూలిన ప్రతిసారీ కంప్యూటర్ కక్కిన కాగితాలు రెండువందల పేజీలు చదివాడు. తెలిసింది ఒక్కటే. మూల ప్రోగ్రాం తను మూతపడేముందు, అప్పటికే మూసేసిన మిషన్లని వెతుక్కుంటోంది. అవి దొరక్క బోర్లా పడుతోంది. పోయినవాటి కోసం వెతకడమేమిటి, దీని మొహం!

గడియారం అయిదుంబావు చూపిస్తోంది.

"సరే, కంప్యూటర్‌ని మళ్ళీ లేపు. ఇన్నాళ్ళూ నీకు పని ఒప్పజెప్పి పక్కగదిలో కాగితాలు చూసుకుంటూ కూర్చున్నాను. ఈసారి నీ వెనకాలే నిలబడతాను. నెమ్మదిగా మూయి."

గౌరీశ్వరి చెమటపట్టిన చేతులు పైటకి తుడుచుకుంది. ముందు ఓడల మిషన్ మూయడానికి మీటలు నొక్కింది. తెరమీద ఇంగ్లీషులో ఓ ప్రశ్న వచ్చింది. ఆమె వేలు తడుముకోకుండా 'వై' మీద పడింది.

"ఆగాగు! ఔనని కొట్టావేమిటి?"

"రోజూ అదే కొడతానండి. జవాబియ్యమనే ఉంది గదండీ పుస్తకంలోన?"

గురునాథరావు నెత్తి కొట్టుకున్నాడు. నిజమే, ఏ జవాబో పుస్తకంలో లేదు. తను ప్రతిసారీ కాదనే కొట్టాడు. ఇంకోలా కొట్టేవాళ్ళుంటారని అతనికి తోచనేలేదు. ఔనంటే మూల ప్రోగ్రాం ఆ మిషన్ పేరు చెరపదు. చివర్న దానికోసం వెతుకుతుంది, కూలుతుంది. మూడు రోజుల తలనొప్పీ ఒక్క మీటలో ఉంది!

"అది మళ్ళీ వస్తావా అని అడుగుతోందమ్మా! రాను అని కొట్టాలి. ఆ మాత్రం తెలీదూ?"

గౌరీశ్వరి అతనికేసి అయోమయంగా చూసింది.

"ఎల్లేటప్పుడు రానని ఎవులైనా అంటారేటండీ?"