బెంచీ ఫోటో

"పార్కులో బెంచీ వేశామంటున్నారు. ఏదీ?" అన్నాను.

మున్సిపల్ ఆఫీసు గుమస్తా ఫైలు తెరిచి ఫోటో చూపించాడు. "ఇదిగో. కళ్లద్దాలు మార్చుకోండి, పెద్దాయనా."

ఫోటోలో బెంచీ ఉంది. దాని మీద మోకాళ్లు పట్టుకుని నా భార్య కూర్చుని ఉంది.

ఆ రోజు ఆమె ఇంటికొచ్చి, "పార్కులో బెంచీ వేశారండీ, కాసేపు కూర్చుని వచ్చాను" అంది. సాయంత్రం వెళ్లి చూస్తే బెంచీ లేదు. "నీకు మతి పోయింది" అన్నాను. ఆమె పోయేదాకా అదే మాట అన్నాను.

"ఈవిడ మా ఆవిడ," అన్నాను గుమస్తాతో.

అతను గొంతు తగ్గించాడు. "అన్ని పార్కుల్లోనూ ఇదే బెంచీ, బాబాయ్. ఫోటో తీయడం, ఎత్తుకుపోవడం. ఫిర్యాదు రాసివ్వండి. సాక్షి ఎవరైనా ఉన్నారా?"

"ఉండేది. నేనే నమ్మలేదు."