ఊరూ పేరూ లేని మిరప

కారు నర్సరీ గేటు దగ్గర ఆగేసరికే మొక్కలాయన భార్య చెయ్యాల్సినవన్నీ చేసేసింది. కుక్కని కట్టేసింది. బల్ల తుడిచింది. కనబడకూడనిదాన్ని గోనెసంచుల కిందికి తోసేసింది.

కారులోంచి ఇద్దరు దిగారు. ముందు విత్తనాల కంపెనీ మేనేజరు. వెనకాల టోపీ పెట్టుకున్న బక్కపల్చటి మనిషి.

షెడ్డు నిండా మిరప కుండీలు. నాలుగు వందల పైమాటే. ఒక్కో కుండీలో ఒక పుల్ల, పుల్లకో చీటీ. అన్ని చీటీల మీదా ఒకటే రాత: కారం మిరప.

"ఏం మిరపయ్యా ఇది? రకానికి ఒక పేరుండదా?" అన్నాడు మేనేజరు.

"మాకేం తెలుసు సార్. సంతలో గింజలు దొరికాయి. కాయ కారంగా ఉంది. కారం మిరప అని రాసుకున్నాం," అన్నాడు మొక్కలాయన.

"అంటే ఊరూ పేరూ లేని మిరపన్నమాట." మేనేజరు ఒక కాయ తుంచాడు. గరుకు తోలు, కింద తేలు కొండిలాంటి తోక. "దీనికి ఊరూ ఉంది, పేరూ ఉంది. ఇది మా రకం. బయట ఒక్క మొక్క కూడా ఉండటానికి వీల్లేదు. మాదేనని తేలిందా, ఇవాళే నీ నర్సరీకి తాళం. ఆ తర్వాత కోర్టు."

మొక్కలాయన షెడ్డంతా ఒకసారి కలయజూశాడు. ఇరవై ఏళ్ల కష్టం. ఉన్నదల్లా ఈ షెడ్డూ, వెనకాల రెండు గదులూ. అవి కంపెనీ మొక్కలేనని ఆయనకి తెలుసు.

"ల్యాబుకి పంపించుకోండి సార్."

"పది రోజులు పడుతుంది. ఈలోపు నువ్వు మొక్కల్ని మాయం చేస్తావు. అందుకే మా నాలుకని వెంటబెట్టుకొచ్చాను."

నాలుక అంటే టోపీ మనిషి. కాయ కొరికి రకం చెప్పడం ఆయన పని. అసలు పేరు కంపెనీలో ఎవరికీ గుర్తులేదు.

"ఈ రకం పుట్టిందే ఇతని నోట్లో," అన్నాడు మేనేజరు గొప్పగా. "పన్నెండేళ్లు ఏడాదికి వెయ్యి కాయలు నమిలి ఏరాడు. పోయినేడు సన్మానం కూడా చేశాం. కంపెనీ బొమ్మ వేయించి మంచి గోడ గడియారం ఇచ్చాం."

జీతం సంగతి మాత్రం చెప్పలేదు.

"ఎంత మొనగాడైనా మా కాయ నమిలితే అయిదు నిమిషాల్లో దగ్గి తీరాలి. ఇతనూ అంతే. ఒక్కసారీ ఆపుకోలేకపోయాడు. ఊఁ, కానియ్యి."

మొక్కలాయన భార్య గ్లాసుతో పాలు పట్టుకుని వచ్చింది. "కాఫీ కలపనా సార్?"

"ఏమీ వద్దు. ఇతనికి పాలూ వద్దు, నీళ్లూ వద్దు." మేనేజరు టైము కోసం గోడకేసి చూశాడు. ఉత్త మేకు ఉంది. జేబులోంచి ఫోను తీశాడు.

టోపీ మనిషి కాయని తొడిమ దాకా కొరికాడు. గింజలతో సహా నమిలాడు. మింగాడు. తల వంచి నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఒక నిమిషం.

రెండో నిమిషంలో టోపీ అంచు కింద చెమట పట్టింది. ఆ రేకుల షెడ్డులో అందరికీ చెమటే.

మూడో నిమిషంలో చెవులు ఎర్రబడ్డాయి. గొంతు ముడి పైకి లేచి, కిందికి దిగింది. మళ్లీ లేచింది. మేనేజరు చూపూ ఆ గొంతు మీదే, మొక్కలాయన చూపూ ఆ గొంతు మీదే.

నాలుగో నిమిషంలో మొక్కలాయన భార్య చేతిలో గ్లాసు ఒరిగి పాలు నేల మీద ఒలికాయి. ఆమె అటు చూడను కూడా లేదు.

"అయిదు," అన్నాడు మేనేజరు.

టోపీ మనిషి పక్కకి తిరిగి ఉమ్మేశాడు. "మనది కాదు సార్."

"అచ్చం మనదిలాగే ఉంది కదయ్యా?"

"చూడ్డానికే. పక్క మొక్క పుప్పొడి పడి పుట్టిన గింజ. రూపం మనది, కారం పెరటిది."

మేనేజరుకి నమ్మబుద్ధి కాలేదు. "అంత చప్పనా? ఏదీ, నేనూ చూస్తా." ఇంకో కాయ తుంచి నోటి దాకా తీసుకెళ్లాడు.

"అయ్యో వద్దు సార్!" అని అరిచేసింది మొక్కలాయన భార్య. "నిన్ననే పురుగుల మందు కొట్టాం!"

మేనేజరు కాయ విసిరేశాడు. పెదాలు రెండుసార్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత కళ్లు చిట్లించాడు.

"మరి ఇతను తింటుంటే నీ నోరు పెగల్లేదేం?"

కట్టేసిన కుక్క గొలుసు చప్పుడొక్కటే వినిపించింది.

టోపీ మనిషి నవ్వాడు. "అడిగితేగా సార్ చెప్పడానికి. అయినా మా నోళ్లకేం, ఏది పడేసినా పడుంటాయి."

ఆ మాట మేనేజరుకి భలే నచ్చింది. పగలబడి నవ్వాడు. "సరే, నాకు మీటింగుంది. వీధిలో మిగతా నర్సరీలు నడిచి చూసిరా. బస్సులో వచ్చెయ్యి."

కారు కదిలింది. అది మలుపు తిరిగేదాకా టోపీ మనిషి గేటు దగ్గరే నిలబడ్డాడు. అప్పుడు మొదలైంది దగ్గు. పేగులు తెంచుకుని వచ్చినట్టు వచ్చింది. కళ్లూ ముక్కూ ఏకమై, గేటు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

మొక్కలాయన పరుగున వెళ్లి రెక్క పట్టుకుని లేపాడు. షెడ్డులోకి నడిపించుకొచ్చి కూర్చోబెట్టాడు. మిగిలిన పాలు నోటికి అందించాడు.

ఆయన భార్య గోనెసంచుల కింద నుంచి కంపెనీ బొమ్మ ఉన్న గోడ గడియారం బయటికి తీసి, దుమ్ము దులిపి, మళ్లీ మేకుకి తగిలిస్తూ, "ఇంక గింజలు తేవద్దులేరా తమ్ముడూ" అంది.