మామిడి టెంకల అంబలి

కన్నమ్మ పొయ్యి మీంచి దింపిన అంబలి కుండను ఎవరో ముసలిది ఒక్క తన్ను తన్నింది.

కుండ పగిలింది. అంబలి వాకిట్లో బురద పాలైంది.

ఆకు డొప్పలు పట్టుకుని కూర్చున్న పిల్లలిద్దరూ గొల్లుమన్నారు. నిన్న పొద్దుటి నుంచి వాళ్ల కడుపులో మెతుకు లేదు.

గోదావరికి పెద్ద వరద వచ్చిన మరుసటేడు అది. దుమ్ముగూడెం అవతలి అడవి పల్లెల్లో శ్రావణమంటే ఆకలి నెల. జొన్నలు అయిపోతాయి, కూలి దొరకదు. ఎండాకాలంలో దాచుకున్న మామిడి టెంకలే దిక్కు. లోపలి జీడి దంచి, పిండిని గుడ్డలో మూటగట్టి, మూడు రోజులు పారే వాగులో ఉంచితే వగరు పోతుంది.

"వాగు నీళ్లల్ల పెడితే టెంకల చెడంతా పోతది బిడ్డా" అని కన్నమ్మకు తల్లి నేర్పింది.

ఆ మాట మీద ఎంత నమ్మకమంటే, ఈసారి కప్పు కారి అటక మీది టెంకలకు నల్లగా బూజు పట్టినా కన్నమ్మ బెంగపడలేదు. మూడు రోజులకు బదులు ఐదు రోజులు ఉంచింది.

ఇంటి ఆచారం ప్రకారం మొదటి డొప్ప మామ భీమయ్యకు పోసింది.

"అచ్చం మీ అమ్మ చేతి అంబలే" అంటూ తాగాడాయన.

పిల్లలకు పోయబోతుంటే ఎవరో ముసలామె వానలో తడుస్తూ వచ్చింది. కుండ మీదికి వంగి వాసన చూసింది.

"టెంకలకు బూజు పట్టిందా బిడ్డా?"

"పట్టింది. కడిగిన. ఆకలైతే కూసో, నీకూ ఇంత పోస్త."

అప్పుడే తన్నింది.

కన్నమ్మకు ఒళ్లు తెలియలేదు. పొయ్యి దగ్గరి కట్టె అందుకుని ఒక్కటి వేసింది.

"నా పిల్లల నోటికాడి కూడు తన్నుతవా ముసల్దానా!"

ముసలిది చెయ్యి అడ్డం పెట్టలేదు.

"కొట్టు బిడ్డా. పిల్లలకు మాత్రం పొయ్యకు. పెద్దాయన్ని జల్దీ దవాఖానాకు తీస్కపోండ్రి."

"నాకేమైందే పిచ్చిదానా?" భీమయ్య నవ్వాడు.

రెండో దెబ్బ తల మీద పడింది. నెత్తురు కారుతున్నా ముసలిది కదల్లేదు. ఒలికిన అంబలినంతా కాళ్లతో బురదలోకి తొక్కింది. ఆ తర్వాతే వెళ్లిపోయింది.

పొద్దు వాలకముందే భీమయ్యకు వాంతులు పట్టుకున్నాయి. కన్నమ్మ మొగుడు బొజ్జయ్య ఊరివాళ్లతో కలిసి తండ్రిని మంచం మీద మోసుకుపోయాడు గానీ, అప్పటికే పొంగిన వాగు దాటనివ్వలేదు. ఒడ్డునే ప్రాణం పోయింది.

కన్నమ్మ పిల్లలిద్దర్నీ ఒళ్లోకి లాక్కుంది. వీళ్లకూ ఒక్క గరిటె పోసి ఉంటే? ఆ ముసలామె ఎవరో గానీ, ఆమె కాళ్ల మీద పడితే తప్ప తనకు ముద్ద దిగదనిపించింది.

మామను మట్టి చేశాక, వాగు తగ్గగానే వెతుక్కుంటూ బయలుదేరింది. మూడో ఊరి పొలిమేరలో నలుగురు మనుషులు ఒక శవాన్ని మంచం మీదికి ఎత్తుతున్నారు.

తల మీద నెత్తురు గడ్డకట్టి ఉంది. కన్నమ్మ గుర్తుపట్టింది.

"మా ఊరి గంగక్క" అన్నాడు వాళ్లలో పెద్దాయన. "వానలు పడ్డయంటే ఇంట్ల నిలవదు. ఊరూరు తిరిగి కుండల వాసన చూస్తది. తన్నులు తిని వస్తది. ఈసారి ఎవలో తల పగలగొట్టిండ్రు."

"నేనే కొట్టిన" అంది కన్నమ్మ. "గిట్ల తిరుగుతుంటే ఆమె పిల్లలన్న ఆపలేదా?"

పెద్దాయన ఆమె వంక చూశాడు. తిట్టలేదు.

"నలుగురుండిరి బిడ్డా. పదహారేండ్ల కింద, గిట్లాంటి వానల్లనే, బూజు పట్టిన టెంకల అంబలి తన చేత్తోనే పోసి, నలుగుర్నీ ఒక్కనాడే మట్టిల పెట్టుకున్న తల్లి ఆమె."