దగ్గరయ్యేకొద్దీ సన్నబడే చప్పుడు

తెరమీదికి నడుము పైభాగం మాత్రమే ఉన్న రెక్కల దయ్యం రాగానే హాలంతా గొల్లున నవ్వింది.

"ఆ రెక్కలు చూడండ్రా! మా అమ్మ విసనకర్రలే నయం!" అని అరిచాడో కాలేజీ కుర్రాడు.

సెల్సో తల పట్టుకున్నాడు.

యుద్ధంలో మనీలా స్టూడియోలు తగలబడగా మిగిలిన రీళ్లు వెతికి, అతికించి, ఆ పాత సినిమాను బతికించింది అతనే. భయపెట్టడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరని చూపించాలనుకున్నాడు. కానీ శబ్దం ఉన్న రికార్డులు ఎక్కడా దొరకలేదు. ఆ దయ్యం చప్పుడుకి జ్వరం తెచ్చుకున్నానని వాళ్ల నాన్న ఎన్నిసార్లు చెప్పాడో!

అప్పుడు ముందు వరసలోంచి వినిపించింది.

"టిక్... టిక్... టిక్..."

మొదట గట్టిగా. తెరమీద దయ్యం ఒక గుడిసెకి దగ్గరయ్యేకొద్దీ సన్నగా.

చప్పుడు సన్నబడిందంటే అది నెత్తిమీదికి వచ్చినట్టే. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు.

నవ్వులు ఆగిపోయాయి.

గుడిసెలో పడుకున్న గర్భిణి కళ్లు తెరిచింది. చప్పుడు ఠక్కున ఆగింది.

హాలంతా కెవ్వుమంది. విసనకర్రల కుర్రాడు పక్కవాడి చొక్కా పట్టుకుని వదల్లేదు.

దీపాలు వెలిగాక సెల్సో ముందు వరసకి పరిగెత్తాడు. ఒక ముసలావిడ శాలువా సర్దుకుంటూ నవ్వుతోంది.

"లోలా," అన్నాడు అమ్మమ్మని పిలిచినట్టు, "ఆ చప్పుడు మీరేనా?"

"దడుచుకున్నావా?"

"ప్రాణం పోయిందనుకోండి!"

"మరి! మన దయ్యమంటే ఏమనుకున్నావు?"

"ఒక్కసారి వచ్చి రికార్డు చేయించండి లోలా. సినిమాకి జత చేస్తాను."

"వానలు తగ్గనీ బాబూ. మలబోన్‌లో ఈ ఇసియాంగ్ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు."

వానలు తగ్గగానే టేప్ రికార్డరు భుజాన వేసుకుని సెల్సోయే వెళ్లాడు.

ఇంటిముందు గుడారం. బల్లల దగ్గర జాగారానికొచ్చినవాళ్ల పేకాట, కాఫీలు. లోపల పువ్వుల మధ్య ఇసియాంగ్ శవపేటిక.

ఆవిడ కూతురు ఎస్త్రెల్యా అతని చేతికి కాఫీ ఇచ్చింది.

"మీరేనా ఆ సినిమా అబ్బాయి? చివరిదాకా మీ హాలు కబుర్లే. 'ఇంకా భయపడుతున్నారే జనం!' అని ఒకటే పొంగిపోయేది."

"ఆ చప్పుడు ఆవిడకి ఎలా గుర్తుందక్కా అంత అచ్చంగా? అన్నిసార్లు చూశారా ఆ సినిమా?"

"ఎదురుగా కూచుని చూడటం మీ హాల్లోనే మొదటిసారి."

సెల్సో అర్థంకానట్టు చూశాడు.

ఎస్త్రెల్యా పేటిక అద్దాన్ని చేత్తో తుడిచి, తలెత్తి చెప్పింది.

"అది మూగ సినిమా తమ్ముడూ, ఊరూరా తెరవెనక నిలబడి దానికి గొంతిచ్చింది మా అమ్మే."