రూపాయి బిళ్లంత అయస్కాంతం

ఏ అంగట్లోనైనా అడుగుపెట్టే ముందు బాలచంద్ర చొక్కా జేబు తడిమి చూసుకుంటాడు, అయస్కాంతం ఉందా లేదా అని. చూస్తే రూపాయి బిళ్లంత ఉంటుంది. మూడు నెలలుగా తిరుపతిలో అతనికి అన్నం పెడుతున్నది అదే.

కంప్యూటర్ దగ్గరికి అయస్కాంతం తెస్తే లోపలున్నదంతా చెరిగిపోతుందని జనానికి ఇప్పటికీ భయం. ఆ మాట వింటే బాలచంద్రకు నవ్వొస్తుంది. అదంతా పాత ఫ్లాపీల కాలం నాటి ముచ్చట. రేణిగుంటలో రిపేరు షాపులో నాలుగేళ్లు పనిచేసిన మనిషి, అతనికి తెలియదా? ఫ్రిజ్ మీద అంటించే బొమ్మలు, పర్సుల బొత్తాలు ఈ కాలం లాప్‌టాప్‌ని ఏమీ చెయ్యలేవు.

ఒక్క చిలిపి పని మాత్రం చెయ్యగలవు. మూత మూశారని లాప్‌టాప్‌కి తెలిసేది మూతలో దాచిన చిన్న అయస్కాంతం వల్ల. ఆ చోటు కనిపెట్టి సరిగ్గా అక్కడ ఇంకో అయస్కాంతం పెడితే, మూత మూశారనుకొని పిచ్చిది నిద్రపోతుంది. తీసేస్తే లేస్తుంది. ఈ రెంటి మధ్యా బాలచంద్ర పెదవి విరిచి, మదర్‌బోర్డు పోయిందని చెప్పి, అరగంట స్క్రూలు విప్పి బిగించి, అడిగినంత పుచ్చుకుంటాడు. పాపమనిపించదా అంటే, మొదటివారం అనిపించింది.

ఆ రోజు అలిపిరి దారిలో ఒక జిరాక్స్ అంగడి కనబడింది. బల్ల వెనక చంద్రకాంతమ్మ అనే అరవై ఏళ్ల పెద్దావిడ, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో లాప్‌టాప్ మీద టకటకా కొడుతోంది. అంగట్లో ఇంకెవరూ లేరు. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది బాలచంద్రకు.

భుజాన సంచిలో అతని సొంత లాప్‌టాప్ ఉంది. మూడు నెలల సంపాదనంతా పోసి నిన్ననే కొన్నాడు. పైన అంటించిన ప్లాస్టిక్ కాగితం పీకడానికి కూడా మనసు రాలేదు. ఊరికే స్క్రూడ్రైవరు పట్టుకొని తిరిగేవాణ్ని ఎవరు నమ్ముతారు? ఇలాంటిదొకటి పక్కన పెట్టుకుంటే పెద్ద ఇంజనీరనుకుంటారు.

"అమ్మా, ఈ కరెంటు బిల్లు రెండు కాపీలు తీస్తావా?"

"తీస్తా నాయనా, కూసో."

ఆమె లేచి మిషను వైపు తిరిగింది. బిల్లును దులిపింది, మడతలు సాపు చేసింది, పెట్టింది, మళ్లీ తీసింది. ఆమె ఇటు తిరిగేలోగా అయస్కాంతాన్ని నాలుగుసార్లు పెట్టి తీసేంత తీరిక దొరికింది బాలచంద్రకు. అతనికి ఒక్కసారి చాలు. లాప్‌టాప్ ఎడమ మూల కిందికి తోసేసి చేతులు కట్టుకొని కూర్చున్నాడు. ఇంత సులువైన బేరం మూడు నెలల్లో తగల్లేదు.

"ఇదేంది నాయనా, బొమ్మ ఆరిపోయె" అంది చంద్రకాంతమ్మ తిరిగొచ్చి.

"నేను చేసేది ఈ పనేనమ్మా. ఒకసారి చూసేదా?"

"దేవుడే పంపినట్టు వచ్చినావు. సూడు, సూడు."

బాలచంద్ర బల్ల వెనక్కి వెళ్లి, తన లాప్‌టాప్ దర్జాగా బయటపెట్టి, ఆమెదాన్ని కొంచెం ఎత్తి అయస్కాంతం అరచేతిలోకి, అక్కణ్నించి జేబులోకి జార్చుకున్నాడు. లేస్తుంది గదా అని బటన్ నొక్కాడు. లేవలేదు. మళ్లీ నొక్కాడు. చార్జరు పీకి పెట్టాడు. కనీసం చిన్న లైటైనా వెలగలేదు.

 ఎన్ని అంగళ్లు తిరిగాడు, ఎన్నడూ ఇలా కాలేదే. అయస్కాంతం పెడితే కంప్యూటర్ చచ్చిపోతుందని జనం చెప్పుకునేది నిజమేనా? ఇన్నాళ్లూ జనాన్ని చూసి నవ్విన తనదేనా తప్పు? నిజంగానే భయం వేసింది బాలచంద్రకు. రోజూ నోట్లో నానే మదర్‌బోర్డు అన్న మాట ఈసారి గొంతు దాటి రాలేదు.

"నువ్వొచ్చేదాకా బాగానే ఉండె గదా" అంది చంద్రకాంతమ్మ, గొంతు కూడా పెంచకుండా. "నేను టైపు కొడతా ఉండేది నీ కండ్లతోనే చూసినావు. నీ చెయ్యి పడినాంక చచ్చిపోయె. నా తమ్ముని కొడుకు ఈడనే స్టేషన్లో కానిస్టేబులు. ఫోన్ చేస్తా ఉండు, వాడొచ్చి అంతా చూసి చెప్తాడు."

అంతా అంటే జేబులు కూడా. బాలచంద్ర చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"పోలీసులెందుకమ్మా ఇంత దానికి? దీన్ని తీసుకుపోయి బాగుచేసి తెస్తా. అంతదాకా నాది వాడుకో."

చంద్రకాంతమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత అతని కొత్త లాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కొని, ప్లాస్టిక్ కాగితం మూల పట్టుకొని సర్రున పీకింది. బాలచంద్రకు ప్రాణం ఉసూరుమంది.

"బాగుండాది నాయనా. తొందరేమీ లేదు, నిదానంగానే తీసుకురా."

చచ్చిన లాప్‌టాప్ చంకలో పెట్టుకొని రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్లమీద కూలబడ్డాడు బాలచంద్ర. కొట్టు ఓబయ్య గ్లాసు చేతికిస్తూ ఆ లాప్‌టాప్ వైపు వింతగా చూశాడు.

"ఇది చంద్రకాంతమ్మది గదప్పా? నీకెట్లా ఇచ్చినాది?"

"చెడిపోయింది. బాగుచేసి ఇయ్యాల."

ఓబయ్య పడీపడీ నవ్వాడు. "యాడ బాగయితాదప్పా ఇది? పోయిన వానలప్పుడే అంగట్లోకి నీళ్లొచ్చి చచ్చిపోయినాది. ఎవుడో అయస్కాంతం పెట్టి లాప్‌టాప్‌లు ఆర్పతా ఉండాడని జిరాక్స్ అంగళ్లోళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పట్నించి, ఆయమ్మ దీన్ని దినామూ ముందర పెట్టుకొని ఉత్తుత్తికే టకటకా కొడతా, వాడెప్పుడొస్తాడా అని కాసుకోనుండాది."